గూడెం వెళ్లే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన పరిశోధన ప్రతిపాదనా చదివాను. భద్రాచలం ఏజెన్సీలోని కోయ గూడేల్లో పోడు పట్టాల మీద, అంటే అడవి కొట్టి సాగు చేసుకుంటున్న భూముల హక్కు కాగితాల మీద, పనిచేస్తానంటున్నావు. యూనివర్సిటీకి థీసిస్ ఇచ్చాక అదే విషయం మీద అందరూ చదివేలా తెలుగులో పుస్తకం రాస్తానంటున్నావు. రెండూ మంచి ఆలోచనలే. ప్రతిపాదన చివరి పేజీ మాత్రం నాకు నచ్చలేదు. 'నైతిక అంశాలు' అని శీర్షిక పెట్టి నాలుగు లైన్లలో తేల్చేశావు. కమిటీ అనుమతి తీసుకుంటాను, సమ్మతి పత్రాల మీద సంతకాలు చేయిస్తాను, పేర్లు మారుస్తాను, సమాచారం భద్రంగా ఉంచుతాను అని. ఎవరిదో పాత థీసిస్‌లోంచి దించినట్టుంది. కోపం తెచ్చుకోకు, అందరూ అలాగే రాస్తారు. కానీ నువ్వు వెళ్లే చోట ఆ నాలుగు లైన్లూ నాలుగు రకాలుగా బెడిసికొట్టగలవు.

ముందు సంతకం సంగతి చెబుతాను. సరిగ్గా నువ్వు వెళ్లబోయే వైపే, 2009లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. అప్పటి ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ చేశారు. మన వైపు ఎంచుకున్న మండలాల్లో భద్రాచలం ఒకటి. టీకా వేయించుకున్నవాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన పిల్లలు. టీకా వేయించుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారని బయటికొచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది, ఆ మాట దాచకూడదు. మన పనికి సంబంధించిన సంగతి ఇంకోటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి ఫారాలు తిరగేస్తే, 1,948 ఫారాల మీద వేలిముద్రలు, 2,763 ఫారాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు కనబడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తతంగాన్నంతా గట్టిగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉంటారు, పైనుంచి ఫారాలు నింపి పంపమంటారు, పిల్లలకు కాగితం మీద పెద్దదిక్కు వార్డెనే. సంతకం అయిపోతుంది. ఫైలు చూస్తే అన్నీ సక్రమంగానే ఉంటాయి.

నువ్వు టీకాలు వేయవు, ప్రశ్నలడుగుతావు, అంతే కదా అనుకుంటావేమో. నిన్ను గూడెంలోకి ఎవరు తీసుకెళ్తారో ఒకసారి ఆలోచించు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ జీపులో దిగితే, లేదా బడి పంతులో అటవీశాఖ బీటాఫీసరో వెంటబెట్టుకుని వచ్చి "మేడమ్ హైదరాబాద్ నుంచి వచ్చారు, చెప్పండి" అంటే, నీతో మాట్లాడను అనే ధైర్యం ఎవరికుంటుంది? పట్టా కాగితాలు ఆ ఆఫీసుల్లోనే ఉన్నాయి. నీకు ఎదురుచెబితే తమ ఫైలు ఆగిపోతుందేమోనన్న టెన్షన్ వాళ్లకుంటుంది, నువ్వు కాదని ఎంత చెప్పినా ఉంటుంది. అందుకని బస్సెక్కో, షేర్ ఆటో పట్టుకునో వెళ్లు. ముందు గూడెం పెద్దని కలువు. నలుగురూ కూర్చున్నప్పుడు నువ్వెవరివో, డబ్బెవరిస్తున్నారో, ఈ పనివల్ల నీకొచ్చే లాభమేంటో చెప్పు. నాకు డిగ్రీ వస్తుంది, మీకు పట్టా ఇప్పించలేను, అని ఆ రోజే తేల్చి చెప్పు. చెప్పి వెనక్కి వచ్చేయి. నువ్వు లేనప్పుడు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనీ. వారం పదిరోజులు పోయాక మళ్లీ వెళ్లి అడుగు.

పెద్దమనిషి ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఇంటి కోడలు ఒప్పుకున్నట్టు కాదు, ఆమెను విడిగా అడగాలి. ఇంకో మాట. అక్కడ ఎవరూ నీ మొహం మీద 'వద్దు' అనరు. "రేపు రా అమ్మా" అంటారు. చేనుకి వెళ్లిపోతారు. నవ్వి ఊరుకుంటారు. వాటన్నిటికీ అర్థం వద్దనే. పట్టువదలకుండా నాలుగోసారి వెళ్లి మాట్లాడించడాన్ని మెథడాలజీ క్లాసులో ఓపిక అంటారు, నేను వేధింపు అంటాను. నీ పని మొత్తం మీద ఒక్కరు కూడా కాదనలేదంటే, నువ్వు అడిగిన తీరునే అనుమానించు.

సమ్మతి పత్రం విషయంలో మీ కమిటీతో కాస్త వాదించాల్సి వస్తుంది. అప్పిచ్చిన షావుకారు చూపించిన చోట వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కుటుంబాలు ఏజెన్సీలో ఎన్నో ఉన్నాయి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం వచ్చాక కూడా ఆ దందా వేరే రూపాల్లో సాగింది. అలాంటి చోట ఇంక్‌ప్యాడ్ తీస్తే మనిషి బిగుసుకుపోతాడు. వాళ్లు నమ్మే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నోటిమాటగా ఇచ్చిన ఒప్పుదలను రికార్డు చేసుకుంటానని కమిటీకి ముందే రాసివ్వు. ఎందుకో వివరిస్తే ఒప్పుకుంటారు.

ఇక పేర్లు మార్చడం. పాతిక ఇళ్ల గూడెంలో పేరు మార్చి ఏం లాభం? 'భర్త పోయిన ఆశా వర్కర్, ఇద్దరు కొడుకులు' అని రాస్తే మండలమంతా గుర్తుపడుతుంది. నీ పుస్తకం హైదరాబాద్‌లో ఎవరు చదువుతారోనని నువ్వు ఆలోచిస్తున్నావు. నేను మాత్రం బీటాఫీసరు, తహసీల్దారు, స్టేషన్ ఎస్సై చదివితే ఏమవుతుందోనని ఆలోచిస్తాను.

నీ ప్రశ్నావళిలో పదకొండో ప్రశ్న చూడు. 'ఈ భూమిని ఏ సంవత్సరం నుంచి సాగు చేస్తున్నారు?' అని అడిగావు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికే భూమి సాగులో ఉంటేనే హక్కు వస్తుంది. ఒకాయన "మా చిన్నోడు పుట్టిన ఏడు కొట్టాం" అంటాడు. నువ్వు పిల్లాడి వయసు లెక్కగట్టి 2008 అని రాసుకుంటావు. ఊరి పేరు, ఎకరాలు, సంవత్సరం అన్నీ టేబుల్ కట్టి థీసిస్ వెనక పెడతావు, యూనివర్సిటీ దాన్ని ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఆ మనిషి దరఖాస్తు కొట్టేయడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? 2023లో తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున పట్టాలు పంచింది, నిజమే. అందనివాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరికే నువ్వు ఎక్కువగా వెళ్తావు. ఆ సంవత్సరం నీ వాదనకు నిజంగా అవసరమా? లేకపోతే అడగకు. అవసరమైతే 'చాలాకాలంగా', 'ఈ మధ్య' అని రెండు గుంపులు చేసుకో, ఊరితో ముడిపెట్టకు. నోటుబుక్కులో ఉన్నది కూడా ఎప్పటికైనా బయటపడొచ్చు. కాబట్టి అసలు రాసుకోకపోవడమే మేలు.

ఇప్పసారా కాయడం, కుందేలుకు ఉచ్చులేయడం, రాత్రిపూట అడవిలోంచి వచ్చి అన్నం తినివెళ్లినవాళ్ల ఊసు, ఇవన్నీ కూడా ఇంతే. చదివేవాళ్లకు ఇవి రుచిగా ఉంటాయి. చెప్పినవాళ్ల మీద ఎక్సైజు కేసో, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసో, ఇంకా పెద్దదో పడుతుంది. ఫోన్‌తో ఫోటో తీస్తే అందులో ఆ చోటు వివరం కూడా దాక్కుని ఉంటుంది. వెళ్లేముందే ఆ సెట్టింగు తీసేయి.

గుత్తికోయల గూడేల విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో నడిచిన సల్వాజుడుం దళాల గొడవలకు తట్టుకోలేక, దంతెవాడ, బీజాపూర్ వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లు వాళ్లు. ఇక్కడ వాళ్లకు గిరిజనులుగా గుర్తింపు లేదు, ఫారెస్టోళ్లు గుడిసెలు పీకేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. వాళ్ల గూడెం పేరు, దగ్గర్లోని వాగు పేరు, ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు అన్నది ఏదీ రాయొద్దు. మ్యాప్ అసలే వద్దు. ఊరి పేరుంటేనే రచనకు నమ్మకం వస్తుందని మన పత్రికల వాళ్ల అలవాటు. ఈ ఒక్కచోట ఆ అలవాటు వదిలేయి.

నీ రెండో ఆలోచన, అంటే పుస్తకం, దాని గురించి చెప్పాలంటే అమెరికా దాకా వెళ్లాలి. గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి అనే చిన్న తెగ ఉంది. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. తెగలో షుగర్ జబ్బు విపరీతంగా ఉంది, అందుకే కదా అని జనం ఇచ్చారు. ఆ తర్వాత అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్ణుంచి వలసొచ్చారన్నదాని మీద పరిశోధనలు చేశారు. ఈ లోయే మా పుట్టిల్లు అని నమ్మే జనం వాళ్లు. 2003లో అదే యూనివర్సిటీలో ఒక విద్యార్థి తన థీసిస్ వివరిస్తుంటే ఆ తెగ మహిళ ఒకామె వినడానికి వెళ్లింది, అక్కడ తెలిసింది. మరుసటి ఏడు కేసు వేశారు. 2010లో రాజీ కుదిరి 41 మందికి 7 లక్షల డాలర్లిచ్చారు, మిగిలిన రక్తం తిరిగిచ్చేశారు.

వాళ్లు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఇచ్చారు. నీకూ అంతే. థీసిస్ కోసం చెప్పిన మాటని పుస్తకంలో వాడాలంటే మళ్లీ వెళ్లి మళ్లీ అడగాలి. రికార్డింగులు ఇంకో పరిశోధకుడికి ఇవ్వాలన్నా అంతే. రేపు ఎవరో వచ్చి కంప్యూటర్‌కి కోయ భాష నేర్పుతాం, ఆ ఆడియోలు ఇవ్వమంటారు. మంచిపనే కావచ్చు. కానీ అవునో కాదో చెప్పాల్సింది నువ్వు కాదు.

మంచి మనసుతో వెళ్తే చాలు, ఇన్ని జాగ్రత్తలెందుకని మీ గైడు అన్నారని రాశావు. అలా అనేవాళ్లు సాధారణంగా హైమండార్ఫ్‌ని చూపిస్తారు. నిజాం కాలంలో వచ్చి చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య ఏళ్ల తరబడి తిరిగిన ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త. ఆయన మీద నాకూ గౌరవముంది. అయితే ఆయన ఆదిలాబాద్ గోండుల్లోకి వెళ్లింది 1940లో కొమరం భీమ్‌ని చంపేశాక, అసలు అక్కడేం జరుగుతోందో తెలుసుకోవాలని నిజాం సర్కారు పంపిస్తే. సర్కారు మనిషిగానే వెళ్లాడు. గోండీ నేర్చుకున్నాడు, భూముల పట్టాలిప్పించాడు, 1943లో మార్లవాయి అనే గోండు ఊళ్లో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. మార్లవాయిలో ఇప్పటికీ ఆయనకీ, భార్య బెట్టీకీ ఏటా నివాళులర్పిస్తారు. అక్కడివాళ్లు ఏం గుర్తుపెట్టుకున్నారో అడిగి చూడు, భూమి, బడి అంటారు. ఆయన పుస్తకాల్లో సిద్ధాంతం గురించి ఎవరూ చెప్పరు. దాన్నిబట్టి మంచి మనసు చాలంటే ఎలా? అంతకుముందు మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ అనే ఆయన కొలత పరికరం పెట్టి జనం ముక్కులు కొలిచి, ఆ లెక్కలతో 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ఆయనకూ తన మనసు చెడ్డదని అనిపించి ఉండదు.

డబ్బులివ్వొచ్చా అని అడిగావు. ఇవ్వాలి. తునికాకు సీజన్‌లో పొద్దున్నే అడవికి వెళ్లి, ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట చొప్పున కడతారు. ఏడాదిలో చేతికి డబ్బు కనబడే కొద్ది వారాలవి. ఆ రోజుల్లో ఒక మనిషిని మూడు గంటలు కూర్చోబెడితే నువ్వు ఆమె కూలి తీసుకున్నట్టే. వీలైతే ఆ సీజన్లో అసలు వెళ్లకు. కోయల కథలు చెప్పే డోలీలు, బొమ్మలున్న గుడ్డ పడిగె విప్పి సమ్మక్క కథ చెబితే అది వాళ్ల వృత్తి, దాని మీద బతుకుతారు. రికార్డు చేసుకుని దండం పెట్టి వచ్చేస్తే ఎలా? సంభావన ఇవ్వు, అచ్చు వేసేటప్పుడు కథ చెప్పినవాళ్లకు అభ్యంతరం లేకపోతే వాళ్ల పేరు పైన వేయి. పేరు దాచాలో వేయాలో చెప్పాల్సింది వాళ్లే.

దుబాసీగా ఊళ్లో కిరాణా కొట్టాయన్ని పెట్టుకుంటానన్నావు, ఆ పని చేయకు. సగం గూడెం ఆయనకు బాకీ ఉంటుంది. డిగ్రీ చదివిన కోయ పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. అలాంటి ఒకరిని సహాయకురాలిగా కాకుండా సహపరిశోధకురాలిగా పెట్టుకో, వ్యాసం మీద పేరు వేయి. చిత్తుప్రతిలో 'అమాయక గిరిజనులు', 'నాగరికతకు దూరంగా' అన్న మాటలు ఎక్కడున్నా ఆ అమ్మాయే కొట్టేస్తుంది, నాకు ఆ పని తప్పుతుంది.

అచ్చుకు ముందు రాసింది గూడెంలో చదివి వినిపించాలి. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో, తమ దగ్గరికొచ్చే పరిశోధకులు ఎలా నడుచుకోవాలో తామే ఒక నియమావళి రాసి పెట్టారు. అంతకు ఏడేళ్ల ముందు నలుగురు సాన్ పెద్దల జన్యుక్రమం మీద వచ్చిన వ్యాసం వాళ్లకు మనస్తాపం కలిగించింది. మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి, అచ్చుకు ముందు మాకు చూపించండి అని వాళ్లు రాసుకున్నారు. ఇందులో మనకు పాటించడానికి కష్టమైంది ఏదీ లేదు.

చిక్కంతా చదివి వినిపించాకే వస్తుంది. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టంలో ఉంది. కాగితం మీద పేరున్నా తమ మాట చెల్లడం లేదని ఆడవాళ్లు నీతో చెప్పారనుకో. చదివితే పెద్దమనుషులు ఆ భాగం తీసేయమంటారు. గూడెం మాట వింటావా, ఆడవాళ్ల మాట వింటావా? దీనికి ఏ నియమావళిలోనూ నాకు సమాధానం దొరకలేదు. నేనైతే ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్లనే అడుగుతాను. చెప్పిన ఆడవాళ్లను, అందరి ముందూ చదవకముందే, విడిగా కలిసి అడుగు. ఉంచమంటే పెద్దలు అలిగినా ఉంచు. తీసేయమంటే అది నీ థీసిస్‌లో అన్నిటికంటే మంచి అధ్యాయమైనా తీసేయి. మీ గైడు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడమను.

వానలు పడి చేలల్లో పని కాస్త తెరిపిచ్చాక బయల్దేరు. అప్పటికి వాగులు దాటడం ఎలాగో అక్కడివాళ్లనే అడుగు, దోమతెర పట్టుకెళ్లు, మలేరియా సంగతి తెలుసు కదా. పదకొండో ప్రశ్న తీసేసి, చివరి పేజీ మళ్లీ రాసి పంపు. ఈసారి నాలుగు లైన్లు సరిపోవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు