నడుము పట్టేస్తే పడుకోవాలా, కదలాలా?

నీళ్ల బిందె ఎత్తబోతే నడుము పట్టేసింది, ఎన్నాళ్లు పడుకోవాలని అడిగారు. దయచేసి మంచం పట్టకండి. ఒకటి రెండు రోజులు బరువు పనులు తగ్గించుకుంటే చాలు. అంతకుమించి పడుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి మొండికేస్తుంది. ఇలాంటి నొప్పి చాలామందికి ఆరు వారాల్లోపే బాగా తగ్గుతుంది. డిస్కు జారిందేమోనన్న భయంతో కదలడం మానేయడమే అసలు చేటు.

ఫిజియోథెరపిస్టులు తరచుగా నేర్పే వ్యాయామం ఒకటి చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. పిరుదులు బిగించి నడుమును మెల్లగా పైకి లేపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఊపిరి బిగపట్టవద్దు. పదిసార్లు చాలు. కాస్త బిగువుగా అనిపిస్తే ఫరవాలేదు కానీ, నొప్పి కాలిలోకి పాకితే ఆపేయండి.

దీర్ఘకాలిక నడుము నొప్పికి నడుము బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును లాగి సాగదీసే చికిత్స) మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో సూచించింది. రోజూ నడవండి. ఇకపై బిందెను మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి.

మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలిలో బలం తగ్గినా వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.