అద్దం వేసే ఉందిగా!

"ఎండ తగిలితే ఒళ్ళు మండిపోయే పోర్ఫిరియా జబ్బు ఉన్నవాళ్ళు రోజులెలా గడుపుతారు?" అని అడిగారు. నాకున్నది అందులో ఎరిత్రోపోయెటిక్ ప్రోటోపోర్ఫిరియా అనే రకం. ఆ పేరు నోరు తిరగడానికే వారం పట్టింది. ఎలా గడుపుతామంటే, కిటికీలు చూసుకుంటూ గడుపుతాం.

మాది పర్లాకిమిడి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు శ్రీకాకుళంలో పెళ్ళికని పొద్దున్నే బస్సెక్కాం. ఎడమవైపు కిటికీ పక్క సీటు నాది. ఎండలో ఆడొస్తే చేతులు మండుతున్నాయని అప్పటికే ఏడ్చేవాణ్ణి కాబట్టి అమ్మ అద్దం మూసేసి "ఇంక తగల్దు, పడుకో" అంది. పాతపట్నం దాటాక చేతుల మీద చీమలు పాకినట్టు మొదలైంది. ఇంకాసేపటికి చర్మం కింద నిప్పు రాజేసినట్టయింది. చూస్తే బొబ్బ లేదు, దద్దురు లేదు, కొంచెం ఉబ్బు అంతే. "అద్దం వేసే ఉందిగా! నాటకాలు" అన్నాడు నాన్న.

ఆ పెళ్ళిలో నాకు గుర్తున్నది నీళ్ళ గాబు ఒక్కటే. చేతులు బయటికి తీస్తే ఫ్యాను గాలి కూడా కారం రాసినట్టుండేది. రాత్రి అందరూ పడుకున్నాక చల్లటి గచ్చుకి చేతులు ఆనించి, అక్కడ వేడెక్కగానే పక్కకి జరిగి, అలా పెళ్ళివారి హాలంతా పాకాను. మా పెద్దత్త దిష్టి తీసింది. మిరపకాయల ఘాటు రాలేదు కాబట్టి గట్టి దిష్టేనని తేల్చింది. ఆ తర్వాత దురద మందులూ, పూతలూ ఎన్ని వాడామో లెక్కలేదు.

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో ఆఖరి మెట్టు దగ్గర ఎంజైము తక్కువై, ఇనుముతో కలవాల్సిన ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం మిగిలిపోయి ఎర్రకణాల్లో పేరుకుంటుంది. దాన్ని రెచ్చగొట్టేది 400 నానోమీటర్ల దరిదాపుల్లోని ఊదారంగు వెలుగు. అది కిటికీ అద్దంలోంచి దర్జాగా వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. విశాఖలో రక్తం తీసినాయన ఆ గొట్టానికి వెంటనే వెండికాగితం చుట్టాడు, వెలుతురు తగిలితే పరీక్ష పాడవుతుందని. నా రక్తానికి గొడుగు పట్టిన మొదటి మనిషి ఆయనే.

ఇక "మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని అడగని మనిషి లేడు. వాళ్ళకి ఏ చుట్టరికమూ లేదు. మేనరికాన్ని తిట్టాలనుంటే, అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన జన్యువే వస్తే వచ్చే వేరే పోర్ఫిరియా, గుంతర్ అనే వైద్యుడు 1911లో వివరించిన రకం ఉంది: బొబ్బలు, ఎర్ర మూత్రం, ఎర్రబారే పళ్ళు. నాది 1961లో మాగ్నస్ అనే ఇంకో వైద్యుడు చెప్పింది. ఇందులో చాలామందికి ఒకరి నుంచి చెడిన జన్యువు, రెండోవారి నుంచి కాస్త నీరసంగా పనిచేసేది వస్తాయి.

సన్‌స్క్రీన్ సలహాలిచ్చేవాళ్ళకో దణ్ణం. ఆ ఎస్పీఎఫ్ అంకెలు అతినీలలోహిత కిరణాల గోల, నా గోల కాదు. పిండిలా తెల్లగా కనిపించే జింక్ ఆక్సైడ్ పూతే కాస్త ఆపుతుంది. చర్మం కింద పెట్టే ఆఫామెలనోటైడ్ అనే మందుని యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో ఆమోదించారు. నావి మాత్రం పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, నల్ల గొడుగు, ఏడాదికోసారి లివరు పరీక్ష. "మగోడివి, చలికాలంలో గొడుగేటిరా?" అని బస్టాండులో ఇప్పటికీ వింటాను.

ఇంకో సంగతి. శ్రీకాకుళం మాకు దక్షిణాన ఉంది. పొద్దున పోయేటప్పుడు ఎండ ఎడమన, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎడమనే. కాబట్టి రెండుసార్లూ డ్రైవరు వైపే కూర్చుంటాను. అమ్మ తోడుంటే నాకంటే ముందెక్కి అటువైపు సీట్లో చేతిసంచి పడేస్తుంది.