పాత కెర్నల్ తొలగించాక మిగిలే వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు

రాయగడలోని మీ కళాశాల ల్యాబ్‌లో, ఉబుంటు యంత్రాల నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన పాత కెర్నల్‌ను తొలగించినప్పుడు, దాని మాడ్యూళ్ల (కెర్నల్‌కు జోడించే డ్రైవర్ల వంటి భాగాల) డైరెక్టరీ ఖాళీగా లేనందున తీసివేయలేదని ఉబుంటు ప్యాకేజీ సాధనం డీపీకేజీ హెచ్చరిస్తోందని రాశారు. ఆ మిగిలిన ఫైళ్లను నిశ్చింతగా తీసివేయవచ్చు.

ప్యాకేజీ వ్యవస్థ తాను పెట్టిన ఫైళ్లనే తీస్తుంది. ఒక కంప్యూటర్‌లోనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌కు చెందిన వీబాక్స్‌డీఆర్‌వీ, వీబాక్స్‌నెట్‌ఎఫ్‌ఎల్‌టీ, వీబాక్స్‌నెట్‌ఏడీపీ మాడ్యూళ్లు మీ యంత్రంలోనే, అప్పటి కెర్నల్‌కు తగినట్లు కంపైలై, మిస్క్ ఫోల్డరులోనో డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడు మాడ్యూళ్లను మళ్లీ కంపైల్ చేసే సాధనం) ఫోల్డరులోనో చేరతాయి కనుక అవి ఏ ప్యాకేజీ జాబితాలోనూ ఉండవు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ అయిన వీఎంవేర్ మాడ్యూళ్లు వీఎంమాన్, వీఎంనెట్‌లదీ ఇదే పరిస్థితి.

తొలగించే ముందు 'యూనేమ్ -ఆర్' ఆదేశంతో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌ను తప్పనిసరిగా చూడండి. పొరపాటున దాని డైరెక్టరీనే తీసివేస్తే, మళ్లీ బూట్ చేసినప్పుడు నెట్‌వర్క్ డ్రైవరు కూడా లోడ్ కాకపోవచ్చు. అప్పుడు ప్యాకేజీలు దించుకునే దారి మూసుకుపోయి, పార్వతీపురం నుంచో బరంపురం నుంచో తెలిసినవారిని పిలిపించుకోవలసి వస్తుంది. 'డీకేఎంఎస్ స్టేటస్' ఆదేశంలో పాత కెర్నల్ పేరు కనిపిస్తే ముందు 'డీకేఎంఎస్ రిమూవ్' ద్వారా ఆ నమోదు తీసి, తర్వాతే ఆ పాత వెర్షన్ డైరెక్టరీని రూట్ (నిర్వాహకుడి) అధికారంతో తొలగించండి.

వర్చువల్‌బాక్స్‌నే పూర్తిగా వదిలేస్తే, నడుస్తున్న కెర్నల్‌లోంచి కూడా మాడ్యూళ్లను దించాలి (అన్‌లోడ్ చేయాలి). నెట్‌వర్క్ మాడ్యూళ్లు రెండూ వీబాక్స్‌డీఆర్‌వీపై ఆధారపడినవి కాబట్టి వాటిని ముందు దించి, ఫైళ్లు తీసి, చివర మాడ్యూళ్ల జాబితాను తాజాపరిచే 'డెప్‌మాడ్ -ఏ' నడపండి.