గేటు మీద ఎవరి పేరు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్లుగా అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటున్నాం. పోయిన చలికాలంలో టూసాన్‌కు పడమటి వైపు ఎడారిలో ఐదెకరాలు, అందులో ఒక చిన్న పాత ఇల్లు కొన్నాం. శని, ఆదివారాలు అక్కడే గడుపుతాం. పాప కాలేజీకి వెళ్లాక అక్కడే ఉండిపోవాలని ఆశ. గేటు మీద మా మామగారి పేరు పెట్టాలని మావారి పట్టుదల. ఊళ్లో సేద్యం చేసుకునే మామగారు 2020లో పోయారు. విమానాలు ఆగిపోవడంతో ఈయన వెళ్లలేకపోయారు. అయితే ఈ స్థలం డౌన్ పేమెంట్‌కి మా అమ్మ నాకు పెట్టిన నగలు అమ్మాం. ఆ మాట ఎవరూ ఎత్తరు. మామగారి పేరు, అమ్మ పేరు కలిపి ఒక పేరు చేద్దామంటే ఆయనకి కోపం వచ్చింది. పదమూడేళ్ల మా అమ్మాయేమో ‘తెలుగు పేరు నా ఫ్రెండ్స్‌కి పలకదు, ఇక్కడి ఎడారిలో పెరిగే సవారో కాక్టస్ పేరు పెట్టండి’ అంటుంది. తెలిసినావిడ ఒకరు అక్కడి ఆదివాసుల మాట ఏదైనా పెట్టుకోమన్నారు. బోర్డుకి ఆర్డర్ ఇచ్చి ఆపేశాం. అప్పటినుంచి ఇంట్లో సరిగా మాటల్లేవు. పోయినాయన పేరు వద్దంటే నేను చెడ్డదాన్నవుతానా?

జవాబు: మీరు చెడ్డవారేమీ కారమ్మా. మీ ఉత్తరం చదివితే రెండు రుణాలు కనిపిస్తున్నాయి. తండ్రిని ఆఖరిచూపు చూసుకోలేకపోయిన కొడుకుది ఒకటి. కూతురి ఇంటికోసం కరిగిపోయిన తల్లి నగలది ఇంకొకటి. రెండింటినీ ఒకే బోర్డు మీద తీర్చాలని చూస్తున్నారు. అందుకే ఏ పేరు అనుకున్నా ఎవరో ఒకరికి గుచ్చుకుంటోంది.

ముందు మీవారి సంగతి. 2020 మార్చిలో మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు ఎంతోమంది కొడుకులు, కూతుళ్లు తల్లిదండ్రుల చివరి కార్యాన్ని ఫోన్‌లో చూశారు. ఆ బాధకి ఎక్కడో ఒకచోట రూపం కావాలి. ఆయనకి అది గేటు దగ్గర దొరికింది. అయినా సరే, ఆ గేటు మీద తండ్రి పేరు వద్దనే నేనంటాను. కారణం నీళ్లు.

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. టూసాన్‌లో 300 దగ్గరే. అక్కడ ఇల్లు నిలబడేది బోరు మీద, లేదా ట్యాంకర్ మీద. ఫీనిక్స్‌కు ఈశాన్యాన రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. 2023 జనవరిలో స్కాట్స్‌డేల్ నగరం తన నీళ్లు బయటికి తోలడం ఆపేసేసరికి ట్యాంకర్ల మీద బతికే వందల ఇళ్లు అవస్థ పడ్డాయి. మీకు అలా కాకూడదనే కోరుకుంటాను. కానీ ఎడారిలో కొన్న స్థలాన్ని ఎప్పుడో ఒకప్పుడు అమ్ముకోవాల్సి రావచ్చు. ఆరోజు నాన్న పేరున్న బోర్డు కిందకి దించాలి. మీవారు ఆ పని చేయగలరా? ఇప్పటికే ఒకసారి వీడ్కోలు చెప్పలేకపోయిన మనిషాయన. బోర్లు ఎండిపోతే ఏమవుతుందో అనంతపురంలో పుట్టినవారికి నేను చెప్పాల్సింది లేదు. ఈ మాట మెల్లగా చెబితే ఆయన వింటారనే నా నమ్మకం.

ఆయన్ని ఒకటి అడగండి: ‘మామయ్య మీ పొలాన్ని ఏమని పిలిచేవారు?’

మీ వైపు ఏ రైతూ చేనికి బోర్డు పెట్టడు. అయినా ప్రతి చేనికీ ఒక పేరుంటుంది. వంకకాడి చేను, గుట్టకింద చేను, చింతమాను చేను. పొద్దున సద్దిమూట పట్టుకుని ఎక్కడికని అడిగితే నోట్లోంచి వచ్చే పేరది. మామగారు కూడా తన చేనికి అలాంటి మాటేదో వాడే ఉంటారు. ఆ మాట మీ ఐదెకరాలకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కానీ ఆ సంభాషణలో మీవారు నాన్న గురించి మాట్లాడతారు, మీ అమ్మాయి వింటుంది. ఇన్నాళ్లుగా పేరుకున్న మౌనం కరగడానికి అంతకంటే మంచి మొదలు నాకు తోచడం లేదు. కుదిరితే ఈ ఏడాది మామగారి తద్దినానికి ముగ్గురూ అనంతపురం వెళ్లి రండి. మీవారు కోరుకుంటున్నదానికి బోర్డుకన్నా అదే దగ్గర.

ఇక నగల సంగతి. దీన్ని పేరు వెనక దాచకండి. మీ అమ్మ పేరు గేటెక్కినా, ‘అత్తయ్య సాయం లేకపోతే ఈ స్థలం లేదు’ అనే మాట మీవారి నోట రాకపోతే మీ మనసు చల్లబడదు. సూటిగా చెప్పండి. ‘ఏమండీ, మామయ్య పేరు నాకిష్టం లేక కాదు. అమ్మ నగల మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది’ అంటే చాలు. సాధింపులా కాకుండా ఒక్కసారి చెప్పి ఆగండి. ఈ ఆదివారం ఆయనే మీ అమ్మగారికి ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పమని అడగండి. అలాగే స్థలం కొన్న కాగితం, అంటే డీడ్‌లో మీ పేరుందో లేదో చూసుకోండి. అరిజోనాలో పెళ్లయ్యాక కొన్న ఆస్తి మామూలుగా ఇద్దరిదీ అవుతుంది. కానుకగా వచ్చినదాని లెక్క వేరు. కాగితాలు ఎలా రాశారో అక్కడి లాయర్‌కి ఒకసారి చూపించడం మంచిది. ఇది అనుమానంతో చేసే పని కాదు, ఏ ఇంట్లోనైనా చేసుకోవాల్సిందే.

రెండు పేర్ల ముక్కలు తెచ్చి అతికించే ఆలోచన మాత్రం వదిలేయండి. అది మామగారి పేరూ కాదు, అమ్మగారి పేరూ కాదు.

మీ అమ్మాయి మాటను కొట్టిపారేయకండి, జీవితమంతా ఆ పేరు నలుగురికీ చెప్పుకునేది తనే. అయితే ‘ఎవరికీ పలకదు’ అన్నదానికి జవాబు మీ ఎడారిలోనే ఉంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ 1937లో స్కాట్స్‌డేల్ దగ్గర కట్టడం మొదలుపెట్టిన టాలీసిన్ వెస్ట్‌కి తన తల్లి వైపువారి వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు) భాషలోని పేరే పెట్టుకున్నాడు. ఊరంతా ఆ పేరు నేర్చుకుంది. కాబట్టి తెలుగు పేరుకు భయపడక్కర్లేదు. సవారో పేరే కావాలంటే ముందు మీ స్థలంలో సవారో ఉందో లేదో తననే వెతకమనండి. అది మొదటి పదేళ్లలో జానెడు కూడా ఎదగదు కాబట్టి పొదల నీడల్లో చూడాలి. ఉంటే ఆ పేరు మీద తనకి హక్కున్నట్టే.

ఆదివాసుల మాట వద్దు. టూసాన్‌కు పడమట తొహోనో ఓధమ్ ప్రజలు ఈరోజుకీ ఉంటున్నారు. ఎండాకాలంలో సవారో పళ్లు కోసుకోవడంతోనే వారికి కొత్త ఏడాది మొదలవుతుంది. వాళ్లతో పరిచయం లేకుండా వాళ్ల మాట తెచ్చి మన గేటుకు తగిలించుకోవడం నాకు సబబుగా అనిపించదు.

బోర్డు తొందరేం లేదు. అక్కడ జూన్ నడిమి నుంచి సెప్టెంబర్ చివరిదాకా వానాకాలం. ఎండు వాగు ఎటు పారుతుందో, ఏ చెట్టు కింద మీరు కుర్చీ వేసుకుంటారో ఒక వానాకాలం గడిస్తే తెలుస్తుంది. ఈలోగా ఫోన్‌లో ‘ఎక్కడున్నారు?’ అంటే మీ ముగ్గురూ ఏమని జవాబు చెబుతున్నారో గమనించండి. అక్టోబర్‌లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ఒక్కరికి నచ్చకపోయినా ఆ పేరు పక్కన పెట్టేయండి.

వెంటనే చేయాల్సింది ఒకటుంది. అంబులెన్స్‌కి కావాల్సింది కౌంటీ (అక్కడి జిల్లా) ఇచ్చిన ఇంటి నంబరు. చీకట్లో హెడ్‌లైట్ పడితే మెరిసే అంకెలతో దాన్ని రోడ్డు మొదట్లోనే పెట్టించండి. అందులో ఎవరికీ తగాదా ఉండదు కాబట్టి ఈ వారమే మీరు, మీవారు కలిసి వెళ్లి పాతి రండి.