ఆదా అయిన నీటి డబ్బు ఎవరి చేతికి వస్తుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇంట్లో నలుగురం. మార్చి నుంచి జూన్ దాకా బోరు ఎండిపోతే 5,000 లీటర్ల ట్యాంకరును 800 రూపాయలకు తెప్పించుకుని, ఖర్చును ఫ్లాట్లన్నీ సమానంగా పంచుకుంటాం. మా రెండు బాత్‌రూమ్‌లలో పదేసి లీటర్ల పాత ఫ్లష్ ట్యాంకులున్నాయి. వాటి స్థానంలో డ్యూయల్ ఫ్లష్ కమోడ్లు పెట్టించడానికి టైల్స్ పనితో కలిపి 46,000 రూపాయలు అవుతుందన్నారు. 7 శాతం వడ్డీ వస్తున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రద్దు చేయాలా, నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవాలా?

సమాధానం: రెండూ వద్దని నా సలహా. నీళ్లు మిగలవని కాదు, నిస్సందేహంగా మిగులుతాయి. ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు ఫ్లష్ నొక్కుతారనుకుంటే పాత ట్యాంకులకు 200 లీటర్లు పడుతుంది. పెద్ద బటన్‌కు 6, చిన్న బటన్‌కు 3 లీటర్లు వదిలే కొత్త కమోడ్లకు, మనిషికి ఒక్కసారే పెద్ద బటన్ అవసరమనుకుంటే, 72 లీటర్లు సరిపోతుంది. నెలకు మిగిలేది 3,840 లీటర్లు, అంటే ట్యాంకరు ధరలో సుమారు 614 రూపాయలు, నాలుగు నెలల వేసవికి దాదాపు 2,460 రూపాయలు. మిగతా ఎనిమిది నెలల్లో బోరు నీరే కాబట్టి తగ్గేది మోటారు కరెంటు ఖర్చు మాత్రమే, అది చాలా స్వల్పం.

అసలు చిక్కు ఇక్కడుంది. మీకు విడి మీటరు లేదు కనుక ఆ 2,460 రూపాయలు 24 ఫ్లాట్లకూ పంపకమై, మీ మెయింటెనెన్స్‌లో తగ్గేది ఏడాదికి నూటరెండు రూపాయలు. మీరు పొదుపుగా వాడిన నీళ్లకు పక్కింటివారి బిల్లు కూడా తగ్గుతుంది, వారు వృథా చేసిన నీళ్లకు మీరూ కడతారు. మొత్తం మీకే దక్కిందనుకున్నా, 46,000 రూపాయలపై డిపాజిట్ ఏటా ఇచ్చే 3,220 రూపాయల వడ్డీ కంటే అది తక్కువే. పైగా గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. ఇక నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీకి సరిపడా రాయితీ ఇచ్చినా, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, తరచుగా ప్రాసెసింగ్ రుసుము మీ కార్డు మీదే పడతాయి.

కమోడ్‌ను కదపకుండా, పాత ట్యాంకు లోపలి ఫిట్టింగ్‌ను మాత్రం డ్యూయల్ ఫ్లష్‌కు మార్పించవచ్చేమో ప్లంబర్‌ను అడగండి. పాత కమోడ్ పది లీటర్ల ధాటికి తగ్గట్టు చేసినది కాబట్టి పెద్ద బటన్‌ను 10 లీటర్లకే ఉంచి, చిన్న బటన్‌ను 5 లీటర్లకు అమర్చాలి. అంతకంటే తగ్గిస్తే రెండుసార్లు నొక్కవలసి వచ్చి ఆదా కాస్తా పోతుంది. ఈ పనికి రెండు బాత్‌రూమ్‌లకు కలిపి 3,000 రూపాయలు అవుతుందని, అన్ని ఫ్లాట్లవారూ మీలాగే నలుగురని అనుకుని, ఈ ప్రతిపాదనను అసోసియేషన్ సమావేశంలో పెట్టండి. అందరూ కలిస్తే నెలకు 57,600 లీటర్లు, అంటే పదకొండు ట్యాంకర్లకు పైగా తగ్గుతాయి. ఫ్లాటుకు వేసవిలో సుమారు 1,530 రూపాయలు మిగిలి, పెట్టుబడి రెండు వేసవుల్లో తిరిగి వస్తుంది. ఫ్లాటుకో మీటరు పెట్టించుకోవడం ఇంకా మంచిది, కానీ ఆ తీర్మానానికి ఎంత వాదన జరుగుతుందో సమావేశాలకు వెళ్లినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఈలోగా ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. ట్యాంకులో కొంచెం వంట రంగు కలిపి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగున ఉన్న రబ్బరు వాషర్ అరిగిందన్నమాట. చిన్న ఖర్చుతో పోయే ఆ లీకును వదిలేస్తే పగలూ రాత్రీ ట్యాంకరు నీరే కారిపోతుంది. ట్యాంకులో ఇటుక వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది నాని రాలిన మట్టి ఆ వాషర్ కిందికే చేరుతుంది.

ఎప్పుడైనా టైల్స్ పగిలో, నీళ్లు కింది ఫ్లాటుకు దిగో బాత్‌రూమ్ ఎలాగూ తవ్వవలసి వస్తే, అప్పుడు 6/3 లీటర్ల కమోడ్లే కొనండి. కొనే ముందు గోడకూ కమోడ్ గొట్టం మధ్యభాగానికీ ఎన్ని అంగుళాల దూరం ఉందో కొలిచి దుకాణానికి వెళ్లండి.