రాజభవనంలా కనిపించే వరుస ఇళ్లు

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రీజెన్సీ కాలపు (రాజు బదులు యువరాజు రీజెంట్‌గా పాలించిన కాలం) వరుస ఇళ్లు తెల్లరాతితో కట్టినవేనా? వాటి మొదటి అంతస్తు కిటికీలు మాత్రమే అంత ఎత్తుగా ఎందుకుంటాయి?

జవాబు: చాలావరకు అది రాయి కాదు. ఇటుక గోడకు స్టకో అనే గచ్చు పూసి, రాతి దిమ్మెల అతుకుల్లా గీతలు గీసి, పైన లేత రంగు వేసేవారు. వాస్తుశిల్పి జాన్ నాష్ ఇటుకల లండన్‌ను గచ్చు లండన్‌గా మార్చాడని ఆనాడే ఎగతాళి చేశారు. అయితే రీజెంట్స్ పార్కు పక్కన 1826 నాటి కంబర్లాండ్ టెర్రస్ అనే ఇళ్ల వరుసలో విడివిడి ఇళ్లన్నింటినీ ఒకే ముఖభాగం వెనుక చేర్చి, మధ్యన స్తంభాలతో, త్రికోణ శిఖరంతో రాజభవనమన్న భ్రమ కల్పించిన తీరు చూస్తే ఆ ఎగతాళి కాస్త అన్యాయమే అనిపిస్తుంది.

కిటికీల ఎత్తు ఇంటివారి జీవన విధానాన్ని చెబుతుంది. అతిథులను ఆహ్వానించే ప్రధాన గది మొదటి అంతస్తులో ఉండేది కనుక అక్కడే పైకప్పు ఎత్తుగా ఉండి, నేల దాకా దిగిన కిటికీలు పోత ఇనుప బాల్కనీలోకి తెరుచుకునేవి. పైకి పోయేకొద్దీ కిటికీలు చిన్నవవుతాయి. చిట్టచివరి అంతస్తు సాధారణంగా పనివారిది. వంటగది నేలమాళిగలో ఉండేది, కాలిబాటకూ ఇంటికీ మధ్య తవ్విన పల్లపు జాగా గుండా దానికి వెలుతురు అందేది.

రీజెంట్ పాలన 1811 నుంచి 1820 వరకే సాగినా, ఈ శైలి 1830ల దాకా కొనసాగింది.