టోకెన్ కోసం కూర్చున్న రైతుకు ఏం చెబుతావు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, బాగానే చదువుకున్నావని తెలుస్తోంది. కానీ గ్రీకు తత్వవేత్త ఎపిక్టిటస్‌ను పట్టుకుని, మన చేతిలో లేనిదాని గురించి టెన్షన్ పడకూడదని నాలుగు పేజీలు రాశావే, అందులో మనిషన్నవాడు ఒక్కడూ లేడు. ఎవరికి చెబుతున్నావు ఈ మాట?

జూన్‌లో చిత్తూరు చుట్టుపక్కల ఏ పల్ప్ ఫ్యాక్టరీ ముందుకైనా పోయి చూడు. తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు రోడ్డు వారగా ఆగి ఉంటాయి, ఎండకు అడుగు కాయ మెత్తబడి రసం కారుతుంటుంది, రైతు టైరు నీడలో తువ్వాలు పరుచుకుని టోకెన్ నంబరు ఎప్పుడు పిలుస్తారా అని గేటు వైపే చూస్తుంటాడు. నీ వాక్యం ఆయన మొహం చూసి చెప్పగలవా?

అలాగని ఎపిక్టిటస్ తప్పు చెప్పాడని అనను. ఆయన రోమ్‌లో బానిసగా బతికినవాడు. తర్వాత డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్లగొడితే గ్రీసులోని నికోపోలిస్‌లో బడి పెట్టుకున్నాడు. ఒళ్లు కూడా తనది కానివాడు, నాకంటూ ఏం మిగిలిందని వెతుక్కుంటే దొరికిన మాట అది. నువ్వు ఆ బతుకును వదిలేసి మాటను మాత్రం తెచ్చావు. ఫ్యాన్ కింద కూర్చుని మనం అదే మాట ఇంకొకరికి చెబితే, నోరు మూసుకుని పడుండు అన్నట్టే వినిపిస్తుంది.

ఇంకో సంగతి. వాన మన చేతిలో లేదు, సరే. మరి రేటు? 2025లో తోతాపురి ధర పడిపోతే రైతులు రోడ్డెక్కారు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తాను ఇచ్చేటట్టు చెప్పింది. ఒక్కడి చేతిలో లేనిది పదిమంది కలిస్తే కొంతైనా చేతికి అందుతుందా? అలాగైతే చేతిలో ఉన్నదానికీ లేనిదానికీ మధ్య గీత ఎవరు గీస్తారు? నీ వ్యాసం మొదలుపెట్టాల్సింది ఇక్కడ, నువ్వేమో దీని పక్కనుంచే పోయావు.

మొదటి మూడు పేజీలు కొట్టేయ్. ఒకరోజు తెల్లవారే బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు పో. ఎవరైనా "మన చేతుల్లో ఏముంది నాయనా" అంటే అక్కడే కూర్చో, అది ఓపికతో అన్నాడా, విసిగిపోయి అన్నాడా ఆయన్నే అడుగు. ఆయన చెప్పింది నీ ఎపిక్టిటస్‌కు అడ్డం తిరిగినా సరే, ఉన్నదున్నట్టు రాసి పంపు.

మీ అన్న